మూల తెగిన మూడు కాగితాలు

ఎర్రపెన్ను ఆ గదిలో అడుగుపెట్టేసరికి పదకొండూ ఇరవై అయింది. మధ్యాహ్నం రెండింటికి కేసు మూసేసి రిపోర్టు పైకి పంపించేస్తానని ఇన్‌స్పెక్టర్ తెగేసి చెప్పాడు. అంటే ఆమె చేతిలో ఉన్నది రెండు గంటల నలభై నిమిషాలు.

ఎర్రపెన్ను అన్నది ఆమె పేరు కాదు. ముప్ఫై ఏళ్లు ఆడిట్ శాఖలో పనిచేసి, కనిపించిన ప్రతి లెక్క పక్కనా ఎర్రసిరాతో ప్రశ్నార్థకం పెట్టి, అందరి నోళ్లలోనూ అలా స్థిరపడిపోయింది. రిటైరయ్యాక ఇంట్లో కాళ్లు ముడుచుకుని కూర్చోలేక డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. ఆ ముప్ఫై ఏళ్లలో ఒకసారి ఈ ఇన్‌స్పెక్టర్ జీపు డీజిల్ బిల్లు మీద కూడా ఆ ప్రశ్నార్థకం పడింది. అతను దాన్ని ఇంకా మర్చిపోలేదు.

"రండి మేడమ్, రండి. చచ్చినవాడి లెక్క కూడా తేలుద్దురుగాని," అన్నాడతను కుర్చీలోంచి లేవకుండానే.

చచ్చినవాడు ఈ పింఛను నిధి ఆఫీసులో బాండ్ల కాపలాదారు. అందరికీ బీరువా బాబాయ్. మంగళవారం సాయంత్రం నాలుగూ ఇరవైకి, టీ తాగి తిరిగొచ్చిన ప్రింటింగ్ క్లర్కుకి, ఇదే గదిలో, ఇనుప నిచ్చెన కింద వెల్లకిలా పడి కనిపించాడు. తల వెనక దెబ్బ. మూడు బాండ్లు కనిపించడం లేదు. బాబాయే దొంగిలించి, బయటపడుతుందన్న కంగారులో నిచ్చెన మీంచి జారిపడ్డాడని పోలీసుల కథ.

ఆ కథే రిపోర్టులోకి ఎక్కితే బాబాయ్ దొంగ. దొంగ భార్యకి కుటుంబ పింఛను రాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు లక్షలాది మంది పింఛనుకి కాపలా కాసినవాడి ఇంట్లోనే పింఛను ఉండదు. బాబాయ్ కూతురు బస్సు కండక్టరు. డ్యూటీకి సెలవు పెట్టి, యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఎర్రపెన్నుని పిలిపించింది ఆ అమ్మాయే.

"ముందు డిప్యూటీ డైరెక్టర్‌గారిని పిలవండి," అంది ఎర్రపెన్ను.

డిప్యూటీ డైరెక్టర్ వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"లోపలికి రాలేనండీ. నాకు దుమ్ము పడదు. ఒక్కసారి తుమ్ములు మొదలైతే గంటదాకా ఆగవు."

"అలాగే నిలబడండి. ఈ బీరువాకి రెండు తాళాలున్నాయి. ఒకటి మీదేగా?"

"అవును. ఒకటి నాది, ఒకటి ఆయనది. నేను నా తాళంచెవి ఇచ్చి ఇక్కణ్ణుంచే రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోతాను. లోపలి పనంతా ఆయనదే."

"ఆయన ఇందులో కాపలా కాసింది దేనికో ఒకసారి చెప్పండి."

"మీకు తెలియందా!"

"తెలుసు. ఇన్‌స్పెక్టర్‌గారికి తెలుసో లేదో నాకు తెలీదు."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడ్చుకున్నాడు. డిప్యూటీ అప్పజెప్పినట్టు చెప్పాడు.

"కార్మికుల జీతాల్లో నెలనెలా కోత పడుతుంది. ఆ డబ్బు ఇక్కడికొస్తుంది. అందులోంచి వయసు మళ్లినవాళ్లకి పింఛన్లిస్తాం. మిగిలింది మా దగ్గర ఉంచుకోకూడదు. ఖజానాకి అప్పుగా ఇచ్చెయ్యాలి, చట్టం అది. ఖజానా దాన్ని వాడుకుంటుంది. రోడ్లకి, వంతెనలకి, జీతాలకి. బదులుగా మాకు బాండు ఇస్తుంది. ఇంత తీసుకున్నాం, ఫలానా ఏడాదికి తీరుస్తాం అని. ఖజానా తరఫున దాన్ని ఇక్కడే, ఈ మిషన్ మీదే అచ్చేస్తాం. వడ్డీ కూడా డబ్బుగా రాదు, ఇంకో బాండుగా వస్తుంది."

"అంటే ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో వేసుకుని, చీటీ రాసిపెట్టుకోవడం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ. "ఎవరికి ఎవరు బాకీ?"

"జేబులు రెండూ ప్రభుత్వానివే," అంది ఎర్రపెన్ను. "డబ్బు మాత్రం లేత్ మిషన్ దగ్గర నిలబడేవాళ్లది. సరే, డిప్యూటీగారూ, ఈ బాండుని బయట ఎవరికైనా అమ్ముకోవచ్చా?"

"కుదరదు. ఈ నిధికి తప్ప ఇంకెవరికీ చెల్లదని దాని మీదే అచ్చేసి ఉంటుంది."

"విన్నారా ఇన్‌స్పెక్టర్‌గారూ? మీ దొంగ లోకంలో ఎవరూ కొనని సరుకు ఎత్తుకెళ్లాడు. అది కూడా ముప్ఫై ఒక్క ఏళ్లు తన చేత్తో అచ్చేసిన సరుకు."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తిరగేశాడు. ఎర్రపెన్ను తన నోటుపుస్తకం తీసింది.

"మంగళవారం నాలుగూ ముప్ఫై అయిదుకి పోలీసులకి ఫోను చేసింది మీరే. అప్పుడే మూడు బాండ్లు పోయాయని నంబర్లతో సహా చెప్పారు. బీరువా తాళం వేసి ఉంది. బాబాయ్ తాళంచెవి ఇవాళ్టికీ దొరకలేదు. డూప్లికేటు తెప్పించి బీరువా తెరిచింది బుధవారం పదింటికి. మూసిన బీరువాలో ఏం లేదో మీకు ముందురోజే ఎలా తెలిసింది?"

డిప్యూటీ జేబురుమాలు మడత మార్చాడు. మూడు సెకన్లు పట్టింది.

"ఆయనే చెప్పాడు. మంగళవారం మధ్యాహ్నం నా గదికి వచ్చి, మూడు కనపడటంలేదు సార్, వెతుకుతాను అన్నాడు. వెతకడానికే పైకెక్కి ఉంటాడు, పాపం."

"ఎక్కడికి పైకి?"

"పై అరకి. ఈ ఏడాది తీరే బాండ్లు ఉండేది పై అరలోనే. పోయిన మూడూ ఈ ఏడాదివి."

"ఆ సాయంత్రం మీటింగులో ఉన్నానని పోలీసులకి చెప్పారు. ఎన్నింటిదాకా ఉన్నారు?"

"నాలుగుంబావుదాకా." గడియారం చూసుకున్నాడు. "నాకు వేరే పనుంది. కొత్త కాపలాదారుకి ఛార్జి అప్పజెప్పాలి."

అతను వరండాలోకి తప్పుకున్నాడుగానీ అడుగుల చప్పుడు దూరంగా వెళ్లినట్టు ఎర్రపెన్నుకి వినపడలేదు. అది గమనించింది. పెద్దగా పట్టించుకోలేదు. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ప్రింటింగ్ క్లర్కు నలభై అయిదేళ్ల మనిషి. మూడు రోజులుగా ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయాయి. కొత్త కాపలాదారు ఆవిడే. పొద్దున్నే ఆర్డరు ఇచ్చారు. ఇన్‌స్పెక్టర్ ఆవిడ ముందు నాలుగు వాంగ్మూలం కాగితాలు పెట్టాడు. వేలితో చూపించినచోటల్లా గబగబా సంతకాలు పెట్టేసింది. నాలుగు కాగితాలకి పది సెకన్లు పట్టలేదు.

"చదవరా తల్లీ?" అంది ఎర్రపెన్ను.

"బాబాయ్ ఉన్నప్పుడు ఆయన చదివేవారండీ. నేను సంతకం పెట్టేదాన్ని."

"బాండు డబ్బు కావాలంటే ఏం చేస్తారు ఇక్కడ?"

"ఒక్కో నెల వసూళ్లు తక్కువై పింఛన్లకి చాలకపోతే, డిప్యూటీగారు ఆర్డరిస్తారు. ముందుగా తీరాల్సిన బాండు తీసి, బాబాయ్ ఆ గోడకి వేలాడే కత్తెరతో దాని కుడి పైమూల కత్తిరిస్తారు. నంబరుండేది ఆ మూల మీదే. ఆ మూలనీ, బాబాయ్ సంతకం చేసిన ఉత్తరాన్నీ ఖజానాకి పంపిస్తే, ఉత్తరంలో రాసిన ఖాతాలో డబ్బు వేస్తారు. మూల తెగిన బాండుకి డిప్యూటీగారి ఆర్డరు గుచ్చి, చెల్లిన ఫైల్లో పెడతాం."

"ఖజానాకి డిప్యూటీ ఆర్డరు వెళ్లదా?"

"వెళ్లదండీ. అది మా దగ్గరే ఉంటుంది."

ఎర్రపెన్ను పెన్ను ఆగింది. ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"ఖజానాకి ఫోను చేశారా?"

"ఎందుకు? దొంగతనం ఇక్కడ జరిగితే!"

ఆ రెండు ఆఫీసుల మధ్య పావుగంట నడక. లెక్కలు మాత్రం ఆర్నెల్లకోసారే సరిచూసుకుంటారు. ఎర్రపెన్ను తనే ఫోను చేసింది. అవతల ఎవరో ఆవులిస్తూ రిజిస్టరు తిరగేసి చెప్పిన మాటలు స్పీకరులో అందరికీ వినపడ్డాయి.

"ఆ మూడా? వాటి మూలలొచ్చాయి కదండీ. మూడు వారాలైంది. నూట ఇరవై కోట్లు వేసేశాం. ఉత్తరం మీద మీ కాపలాదారు సంతకమే ఉంది."

ఫోను పెట్టేశాక క్లర్కు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు.

"థాంక్యూ మేడమ్. కాగితాల దొంగ అనుకున్నాను. నూట ఇరవై కోట్ల దొంగ అని మీరే తేల్చిపెట్టారు. కూతుర్ని లోపలికి పిలిచి మీరే చెప్తారా, నేను చెప్పనా?"

ఎర్రపెన్నుకి ఆ అమ్మాయి కోసం వచ్చి, ఆ అమ్మాయి గొయ్యి తనే తవ్వినట్టయింది. గోడ గడియారం పన్నెండూ అయిదు చూపిస్తోంది. ఆమె లేచి నిచ్చెన దగ్గరికి వెళ్లింది.

ఎనిమిది మెట్ల నిచ్చెన. బీరువాకి అయిదు అరలు. డూప్లికేటు తాళాలతో తలుపులు తెరిపించింది. అందుబాటులో ఉన్న కింది అరలో కట్ట తీసి మొదటి బాండు మీద ఏడాది చూసింది. తర్వాత తన అరవై ఒక్క ఏళ్ల కాళ్లతో నిచ్చెన ఆరో మెట్టుదాకా ఎక్కి పై అర చూసింది. దిగి వచ్చి క్లర్కు మొహంలోకి చూసింది.

"ఈ ఏడాది బాండ్లు కింద ఉన్నాయేమిటి? పైన ఉండాలని డిప్యూటీ అన్నారే!"

క్లర్కు గుమ్మం వైపు చూసింది. "నా ఉద్యోగం పోతుందండీ."

"పోదు. చెప్పు."

"రెండు నెలల కింద మార్చేశామండీ. బాబాయ్‌కి మోకాళ్లు పట్టేశాయి. నిచ్చెన రెండో మెట్టు కూడా ఎక్కలేకపోయేవారు. తరచుగా పని పడేవి ఈ ఏడాదివే కదా, అందుకని వాటిని కిందికి దించి, పదిహేనేళ్లకి తీరేవాటిని పైకి ఎక్కించాం. ఎక్కి సర్దిందంతా నేనే. అరలు మార్చాలంటే ఏడు సంతకాలు కావాలి, ఎప్పటికొస్తాయి? అందుకే పైవాళ్లకి చెప్పలేదు. నాకూ బాబాయ్‌కీ తప్ప ఇంకెవరికీ తెలీదు."

వరండాలో తుమ్ము వినపడింది. ఒక్కటే. ఆ తర్వాత చకచకా అడుగులు దూరమయ్యాయి.

"నువ్వెళ్లి నీళ్లు తాగి రా తల్లీ," అని క్లర్కుని పంపించి, ఎర్రపెన్ను నిచ్చెన మీద చెయ్యి వేసింది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, రెండో మెట్టు ఎక్కలేనివాడు ఆరో మెట్టు మీంచి ఎలా పడతాడు? తను కిందికి దించుకున్నవాటిని వెతకడానికి పైకెందుకు ఎక్కుతాడు? ఈ నిచ్చెన బాబాయ్ వేసుకున్నది కాదు. ఆయన పడిపోయాక ఇంకెవరో తెచ్చి నిలబెట్టారు. ఈ ఏడాది బాండ్లు ఇంకా పైనే ఉన్నాయనుకునేవాడు. ఈ గదిలోకి ఎప్పుడూ రానివాడు."

"బాగుంది. డిప్యూటీ పప్పులో కాలేశాడంటారు. కోర్టులో బాబాయ్ మోకాళ్ల గురించి చెప్పమంటారా?" ఇన్‌స్పెక్టర్ వాచీ మీద కొట్టాడు. "ఖజానాలో ఉన్నది ముసలాయన సంతకం. డిప్యూటీ సంతకం ఎక్కడుంది? అది చూపించండి, నా రిపోర్టు నేనే చింపేస్తాను. లేదంటే రెండింటికి పంపిస్తాను. మీ ఎర్రగీతలకి జీపు బిల్లులు ఆగుతాయేమోగానీ కేసులు ఆగవు."

"ఆ బిల్లులో లీటరుకి మూడు కిలోమీటర్లు వేశారు మీరు. జీపు అంత తాగదు."

"అందులో కొండదారి ఉంది మేడమ్! నేను అప్పుడే రాసిచ్చాను!"

అతని గొంతులో నిజమైన బాధ పలికింది. ఎర్రపెన్ను మొదటిసారి అతనికేసి తిన్నగా చూసింది. లంచగొండి కాదు, ఒక్కసారి రాసింది చింపడానికి మనసొప్పని మనిషి, అంతే. అలాంటివాడితో పని జరుగుతుంది.

పక్కగదిలో ఉండే చెల్లిన ఫైలు పోలీసులు అప్పటికే దులిపేశారు. ఇద్దరూ వెళ్లి ఇంకోసారి చూసొచ్చినా అందులో ఆ మూడూ లేవు. ఎర్రపెన్ను బల్ల ముందు కూర్చుని బాబాయ్‌లా ఆలోచించడానికి ప్రయత్నించింది. ఆర్డరొచ్చింది, కత్తిరించాడు. డిప్యూటీ పంపిన ఉత్తరంలో ఖాతా నంబరు ఖాళీగా ఉంది, డిప్యూటీగారు రాసుకుంటారులే అని సంతకం పెట్టి ఉంటాడు. తర్వాత ఎప్పుడో అనుమానం వచ్చింది. చెల్లిన ఫైలు డిప్యూటీ ఎప్పుడు కావాలన్నా తెప్పించుకోగలడు. అందుకని ఆ మూడింటినీ చోటు మార్చాడు. ఇంటికి తీసుకెళ్లలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క కాగితం గుమ్మం దాటించనివాడు ఇప్పుడు దాటించడు. గదిలోనే ఉండాలి. లెక్కపెట్టేవాళ్లెవరూ ముట్టుకోనిచోట ఉండాలి.

ప్రింటింగ్ మిషన్ కింద తాడుతో కట్టిన కాగితాల కట్ట ఉంది.

"అది చెత్త," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అచ్చు సరిగ్గా పడనివి. ఏడాదికోసారి తగలబెడతారట. మళ్లీ వాడకుండా ఎడమ కిందిమూల కోసేస్తారు. చూశాం, అన్నిటికీ ఎడమ కిందిమూల తెగే ఉంది."

ఎర్రపెన్ను కట్టని బల్ల మీద పెట్టి తాడు విప్పింది. నలభై కాగితాలుంటాయి. తెగిన మూలలన్నీ ఒకే వరసలో, కత్తితో కోసినట్టు కుదురుగా ఉన్నాయి. ఒక్కొక్కటీ తిప్పసాగింది. సిరా అలికినవి, వంకరగా పడినవి, సగమే పడినవి. ఇరవై మూడో కాగితం దగ్గర ఆగింది.

దాని మీద అచ్చు శుభ్రంగా ఉంది. కాకపోతే తలకిందులుగా ఉంది. తర్వాతి రెండూ అంతే.

ఆమె మూడింటినీ బయటికి తీసి, తిన్నగా తిప్పి బల్ల మీద పరిచింది. ఎడమ కిందిమూల కాస్తా కుడి పైమూల అయి కూర్చుంది. మూడింటికీ వెనకవైపు ఒక్కో ఆర్డరు గుచ్చి ఉంది. ప్రతి ఆర్డరు కిందా డిప్యూటీ డైరెక్టర్ సంతకం, తేదీ, సీలు.

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. ఆమె ముందు అతను గౌరవంగా లేచి నిలబడటం అదే మొదటిసారి. తన రిపోర్టు తీసి, నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మాయిని పిలవండి," అంది ఎర్రపెన్ను.

మొదటి బాండు వెనక పెన్సిలుతో రాసి ఉంది. బాబాయ్‌ది గుండ్రటి దస్తూరి. కూతురు టికెట్ల సంచీ పక్కన పెట్టి, రెండు చేతులతో కాగితాన్ని పట్టుకుని, పైకి చదివింది.

"ఈ నెల పింఛన్లు పోగా డబ్బు ఇంకా మిగిలింది. డబ్బు మిగిలిన నెలలో బాండు కత్తిరించే పనే లేదు. నాకు తట్టలేదు. డిప్యూటీగారిని అడిగితే చెప్పడంలేదు. ఆర్డర్లు తిరిగి ఇచ్చెయ్యమంటున్నారు, ఇవ్వను. కత్తిరించిన తప్పు నాది. డబ్బు మాత్రం కార్మికులది, వాళ్లకి చేరాలి."

ఆ అమ్మాయి మళ్లీ ఒకసారి మనసులో చదువుకుంది. ఏడవలేదు.

"ఇది నాన్న రాతే. ఇంక మా అమ్మ తలెత్తుకుని తిరుగుతుంది," అంది. "తిరగొచ్చు కదా సార్?" అని ఇన్‌స్పెక్టర్‌ని అడిగింది.

"తిరగొచ్చమ్మా," అన్నాడతను.

ఎర్రపెన్ను ఆర్డర్లు చదువుతోంది. అలవాటు కొద్దీ అడుగుదాకా చదివింది. మూడింటి అడుగునా చిన్న అక్షరాల్లో ఒకే వాక్యం ఉంది: మొత్తం నాలుగు విడతలు, ఇది మొదటిది.

ఆమె తలెత్తి గోడకేసి చూసింది. మూలలు కత్తిరించే కత్తెర వేలాడదీసే మేకు అక్కడే ఉంది. కత్తెర లేదు. పదకొండూ ఇరవైకి చూసినప్పుడు ఉంది. కింది అరలో కట్ట మీద చెయ్యి వేసింది. ఇందాక తను చూసినప్పటికన్నా పల్చగా ఉంది. గదిలోంచి తనూ ఇన్‌స్పెక్టరూ కదల్లేదు. ఆగి గుర్తుచేసుకుంది. ఒక్కసారి కదిలారు. చెల్లిన ఫైలు చూడటానికి పక్కగదికి వెళ్లారు. ఆ అయిదు నిమిషాలూ బీరువా తలుపులు తెరిచే ఉన్నాయి. దుమ్ము పడనివాడు ఆ అయిదు నిమిషాలూ ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఏ అరలో వెతకాలో అతనికి తను ఈ గదిలోనే, తలుపు తెరిచిపెట్టి మరీ, క్లర్కు నోటితో చెప్పించింది.

"అమ్మాయ్, క్లర్కు అక్క బయట ఉందా?"

"లేదండీ. పన్నెండూ ఇరవైకి డిప్యూటీగారు ఆవిణ్ణి కారెక్కించుకుని వెళ్లారు. ఛార్జి కాగితాలట, ఖజానాలో ఒక్క సంతకం పెడితే చాలన్నారు. ఆయనకి తుమ్ములు ఆగటంలేదు."

ఇన్‌స్పెక్టర్ టోపీ అందుకున్నాడు. గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

"కంగారు పడకండి మేడమ్. పని పూర్తయ్యేదాకా ఆవిడ సంతకం వాడికి కావాలి. సంతకం పెట్టేదాకా ఆవిడకి వచ్చిన భయమేమీ లేదు. చదివి, అడిగి, ఆలోచించి పెట్టేసరికి మనం అక్కడుంటాం."

ఎర్రపెన్ను అప్పటికే మెట్ల దగ్గరుంది.

"ఆవిడ చదవదు," అంది.